ఇవగోరా తోక పట్టినవాళ్ళు

మా సంచిక ముఖచిత్రం టీవీలో నాలుగు సెకన్లు కనిపించింది. నాలుగు సెకన్లేనా అని పెదవి విరిచేవాళ్ళు ఈ కథ ఇక్కడే మూసేసి వేరే పని చూసుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. నలభై మూడేళ్ళ క్రితం నేను నా చేత్తో స్టెన్సిల్ కాగితం మీద గీకి గీకి వేసిన బొమ్మ అది. ఏటి అడుగున వందేళ్ళు నిద్రపోయి, ఒళ్ళంతా గులకరాళ్ళు అతుక్కుని లేచిన మా సినిమా రాక్షసి ఇవగోరా, తోక పైకెత్తి నిలబడ్డ బొమ్మ. సినిమా రాక్షసుల మీద రెండు గంటల డాక్యుమెంటరీ తీసి, శనివారం సాయంత్రం, దేశమంతా అన్నం ముందు కూర్చునే వేళకి వేశారు. చివర కృతజ్ఞతల పట్టికలో ‘తామాగవా రాక్షస పరిశీలన సంఘం’ అని మా పేరు పడింది. అది చూడగానే, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా, లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

నా పేరు ఇకుయో. అరవై ఆరేళ్ళు. టోక్యో పక్కన నొబొరితో స్టేషన్ నుంచి తామా నది వైపు నడిస్తే కుడిచేతి పక్కన కనిపించే గాలాల కొట్టు మాది, నాన్న పెట్టింది. కింద కర్రలు, దారాలు, ఎరలు అమ్ముతాను. పైన గది సంఘానిది. ప్రతి నెలా మూడో ఆదివారం మధ్యాహ్నం అక్కడ చేరతాం. ఒకప్పుడు ముప్ఫై మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు తప్పకుండా వచ్చేది ముగ్గురమే. మిగతావాళ్ళు కొత్త సంవత్సరానికి ఇవగోరా బొమ్మ వేసి కార్డు పంపిస్తారు, అంతే.

ఆ ముగ్గురిలో హోజుమి మాస్టారు మా అధ్యక్షుడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరు మాట్లాడుతున్నా చేతిలో సుద్దముక్క ఉన్నట్టు వేళ్ళు ఆడిస్తూ వింటారు. రెండోవాడు కుగా, పోస్ట్‌మాన్. లావుగా ఉంటాడు, యాభై దాటాయి, అయినా మా లెక్కలో ఇంకా పిల్లాడే.

డాక్యుమెంటరీ వచ్చిన మర్నాడే మూడో ఆదివారం పడింది. కుగా ఆ నాలుగు సెకన్లనీ తొమ్మిదిసార్లు వేశాడు. పదోసారి నేనే వెయ్యమన్నాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, ఒసాకా సంఘం వాళ్ళ సంచిక ఎక్కడైనా కనిపించిందా అని అడిగారు. కనిపించలేదని మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా మా నోటి వెంట వినాలని ఆయన సరదా. లేదని ఇద్దరం గట్టిగా చెప్పాం.

గర్వపడటం అయ్యాక తప్పులు ఏరడం మొదలుపెట్టాం. మావాళ్ళు ప్రేమ చూపించే పద్ధతే అది. ఇవగోరా వేషానికి మనిషి తొడుక్కునే మొదటి రబ్బరు తొడుగు గురించి మాట్లాడుతూ రెండో తొడుగు చూపించారని కుగా మండిపడ్డాడు. రెండోదానికి కనుబొమలు మందం, మెడ కింద గాలి కన్నాలు ఆరు. మొదటిదానికి నాలుగే. ఆ మాత్రం తెలియకుండా డాక్యుమెంటరీ తీయడానికి చేతులెలా వచ్చాయని వాడి బాధ. మాస్టారికి అరుపు దగ్గర కోపం వచ్చింది. ఇవగోరా అరుపుని పాత తలుపు కిర్రుమనే చప్పుడుతో చేశారని చెప్పారట. అది తలుపు కాదు, పడవ తెడ్డు ఇనుప కొక్కెంలో తిరిగే చప్పుడని ఆయన ముప్ఫై ఏళ్ళ కిందటే రాశారు. ఇక నడక గురించి చెప్పింది మాత్రం సరిగ్గా ఉందని ముగ్గురం ఒప్పుకున్నాం. కెమెరా రెండింతలు వేగంగా తిప్పేవాళ్ళు కాబట్టి తొడుగులోపలి మనిషి కూడా అంత చెమటలోనూ రెండింతలు వేగంగా నడవాలి. అప్పుడే తెరమీద కొండ కదిలినంత బరువుగా కనిపిస్తుంది.

మా సంఘానికి ఒక నియమం ఉంది, అది ముందే చెప్పాలి. సంచికలో ఎవరైనా తప్పు రాస్తే తర్వాతి సంచికలో తప్పొప్పుల చీటీ పెట్టాలి. పెడితే సరిపోదు. రాసినవాళ్ళే నిలబడి, ఆ తప్పు ఎవరి చెవిన పడిందో వాళ్ళ ముందే, ఆ చీటీ పైకి చదవాలి. చదివాక అక్కడున్న అందరికీ పచ్చరంగు మెలన్ సోడా పొయ్యాలి. మాస్టారు పెట్టిన నియమం అది. కుగా ఇప్పటికి ముప్ఫై ఒక్కసార్లు నిలబడ్డాడు. మాస్టారు నాలుగుసార్లు. నేను ఒక్కసారి కూడా లేదు. సంపాదకురాలిని నేను. నలభై మూడేళ్ళలో నా పేరు మీద ఒక్క చీటీ లేదు. ఈ మాట నేను ఏడాదికి కనీసం రెండుసార్లు అంటానని కుగా అంటాడు. అంటే అన్నాను, ఉన్నమాటేగా.

తోక గురించి డాక్యుమెంటరీ చెప్పినదాంట్లో మాత్రం మేము ఒక్క తప్పూ ఏరలేదు. ఎందుకంటే అది మాదే. ఇవగోరా తోక పన్నెండడుగులు. తొడుగులోపలి మనిషి దాన్ని ఆడించలేడు. స్టూడియో పైకప్పు దూలాల మీంచి సన్నతీగలు దించి, వెదురుకర్రలతో లాగి ఆడించాలి. సినిమా చివర ఇవగోరా తెల్లవారుజామున సముద్రంలో మునిగిపోతుంది. అంతా అయిపోయిందనుకున్నాక నీళ్ళలోంచి తోక ఒక్కసారి పైకి లేస్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది, మెల్లగా వాలుతుంది. మేము దాన్ని ‘వీడ్కోలు’ అంటాం. టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, ఆరేళ్ళప్పుడు, నాన్న ఒళ్ళో కూర్చుని అది చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తోకకి ప్రాణం పోసినవాడు హతానో అనే పనివాడు అని డాక్యుమెంటరీలో చెప్పారు. ఫొటో కూడా చూపించారు: రబ్బరు తోక పక్కన నేలమీద వెదురుకర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆ పేరు, ఆ ఫొటో రెండూ మా మూడో సంచిక పద్నాలుగో పేజీలోవి. రాసింది నేను. ఆ ఫొటో పై అంచున వేలాడే నల్లటి వస్తువేమిటన్నది మా సంఘంలో ఎప్పటికీ తెగని తగువు. దీపానికి అడ్డుపెట్టే రేకు అంటారు మాస్టారు, దాని మీద మూడు పేజీల వ్యాసం కూడా రాశారు. గబ్బిలం అంటాడు కుగా.

వాళ్ళిద్దరూ మళ్ళీ ఆ గబ్బిలం దగ్గరే తగువుపడుతుండగా కింద కొట్టు గంట మోగింది. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, చేతిలో మోచీ మిఠాయి డబ్బా. సంఘం ఇక్కడేనా అని అడిగి, మెట్లెక్కి వచ్చి, వంగి నమస్కరించి, డబ్బా మాస్టారి ముందు పెట్టింది. పేరు చిసాతో అనీ, వంతెన అవతల కొమాయెలో ఉంటామనీ చెప్పింది. ఇవగోరా అభిమాని అనుకుని కుగా అప్పటికే నాలుగో కుర్చీ లాగేశాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే, తల వంచుకుని, చెప్పాల్సింది చెప్పింది. వాళ్ళ తాత ఇసోగాయ్‌కి ఎనభై తొమ్మిదేళ్ళు. తోక ఆడించింది ఆయనట. డాక్యుమెంటరీ తీస్తున్నారని తెలిసి ఆమె చానెల్‌కి ఉత్తరం రాసిందట. పేరుమోసిన సంఘం వాళ్ళ సంచికలో హతానో అని అచ్చయి ఉంది, వట్టి నోటిమాట మీద దాన్ని మార్చలేం అని మర్యాదగా జవాబు వచ్చిందట. ఆ సంగతి తాతకి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఆయనేమో రోజూ వెళ్ళే వృద్ధుల డే సెంటర్లో అందరికీ చెప్పి, తప్పకుండా చూడమన్నాడు. ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయి అందరూ కలిసి చూశారు. వేరేవాడి పేరు వచ్చింది. ఒకావిడ నవ్విందట, పక్కనున్నవాళ్ళూ నవ్వారట. ఇంటికొచ్చి, రేపటినుంచి వెళ్ళనని పడుకున్నాడట.

“మా తాతయ్య అబద్ధమాడే మనిషి కాదండీ,” అంది చిసాతో. “మీ పుస్తకంలో ఒక్క మాట మారితే చాలు. అదడగడానికే వచ్చాను.”

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నోరు విప్పలేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కుగా ఊరుకుంటాడా. ఏ తొడుగప్పుడు చేశారు, తీగలు ఎన్ని, కొలను సీనుకి ముందా తర్వాతా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. తను ఆ సినిమా చూడనే లేదంది చిసాతో. మా కుగా మొహంలో జాలి చూడాలి. మాస్టారు గొంతు సవరించుకుని, మీ బాధ అర్థమైందమ్మా, కానీ ఇకుయో గారు రాసినదాంట్లో నలభై మూడేళ్ళలో ఒక్క తప్పు కూడా దొరకలేదు అని నా వైపు చెయ్యి చూపించారు. నేను ఏడాదికి రెండుసార్లు చెప్పుకునే మాటే అది. ఆ పూట వేరేవాళ్ళ నోట వినేసరికి, ఆయన చేతిని కిందికి దించెయ్యాలనిపించింది.

ఎందుకంటే ఆ పద్నాలుగో పేజీ నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కాందాలో పాత కాగితాల దుకాణంలో ఆ ఫొటో దొరికింది. వెనక పెన్సిల్‌తో ‘హతానో, ఐదో షెడ్డు’ అని ఉంది. చేతిలో కర్ర ఉంది, పక్కన తోక ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. అప్పట్లో స్టూడియోలో పనిచేసినవాళ్ళు సగం మంది ఈ చుట్టుపక్కలే ఉండేవాళ్ళు. ఒక్కరింటి తలుపు తట్టినా తెలిసేది. తట్టలేదు. ఒసాకా వాళ్ళు మాకంటే ముందు అచ్చు వేసేస్తారని తొందర. ‘బహుశా తోక: హతానో’ అని రాశాను. వాక్యం గీత దాటి పోయింది. ‘బహుశా’ గీకేశాను. గీత దాటడం ఒక సాకు. నిజానికి, తెలిసినట్టు కనిపించాలని గీకేశాను.

“మాస్టారూ, అది నేను ఊహించి రాశాను,” అన్నాను. “నాకు తెలిసి రాయలేదు.”

కుగా నోరు వెళ్ళబెట్టాడు. మాస్టారి వేళ్ళు ఆడటం ఆగిపోయింది. ఆయనే, అయితే నిజమేమిటో ఇప్పుడు తెలుసుకోవాలి కదా అన్నారు. చీటీ రాయాలన్నా సరైన మాట కావాలి కదా. నేను కిందికి దిగి, కొట్టులో ఉన్నవాటిలోకల్లా మంచి వెదురుకర్ర, పొడుగుది, తీసుకున్నాను. నలుగురం వంతెన దాటి కొమాయె వెళ్ళాం. కర్ర కుగా మోశాడు. దారిన పోయేవాళ్ళు చేపలు పడుతున్నాయా అని అడిగితే వాడు రాక్షసి కోసం అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఇసోగాయ్ తాత వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. మమ్మల్ని చూసి లేవబోతే వద్దన్నాం. ఇక మొదలెట్టాం. మాస్టారు సంఘం చరిత్ర చెప్పారు. కుగా తొడుగుల కనుబొమలు చెప్పాడు. నేను క్షమించమని మూడుసార్లు అడిగాను, అడిగిన ప్రతిసారీ ‘బహుశా’ కథ మొదటినుంచీ చెప్పాను. ఆయన ఒక్కో మాటకీ తలూపుతూ విన్నాడు. మధ్యలో ఏదో అనబోయి రెండుసార్లు ఆగాడు.

నేను కర్ర ఆయన చేతికిచ్చాను. అంతే, ఆ చేతులు మారిపోయాయి. కర్ర ఎక్కడ పట్టుకుంటే తూకం కుదురుతుందో చూడకుండానే పట్టుకున్నాడు. పరుపొకటి అడిగాడు. చిసాతో తెస్తే కుగా దాన్ని చుట్టి, బెల్టుతో కట్టి, తన నడుముకి తగిలించుకుని పెరట్లో నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. పరుపు నడిమికి దారం కట్టి కర్రకి తగిలించాం. కుగా అడుగు వేశాడు. తాత మెట్టు మీంచి కర్ర ఎత్తాడు.

“నీకు తొందరెక్కువ,” అన్నాడు కుగాతో. “ముందు నడుము తిరగాలి. ఒక్క ఊపిరి ఆగాలి. అప్పుడు తోక. రాక్షసికి తోక ఉందని తర్వాత గుర్తొచ్చినట్టుండాలి.”

ఎత్తడం, ఆపడం, వదలడం. ఆ మూడూ నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. గాలాల కొట్టులో పెరిగినదాన్ని. అయు అనే ఏటిచేప పట్టేవాళ్ళు ఏటి మధ్య నిలబడి కర్ర ఆడించే తీరు అది. అడిగితే, స్టూడియోలో చేరకముందు సగామి నదిలో చేపలు పట్టేవాణ్ణని చెప్పాడు. ఆ చుట్టిన పరుపు పెరట్లో అటూ ఇటూ కొట్టుకుంటుంటే, ఒట్టు, నాకు ఒళ్ళు జలదరించింది. ఆ నడక ఈ భూమ్మీద ఇంకెవరి చేతిలోనూ లేదు. డాక్యుమెంటరీ తీసినవాళ్ళు ఆ పెరట్లో ఉండుంటే కెమెరా కింద పడేసుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. కుగా మోకాళ్ళు దోక్కుపోయినా ఆపలేదు. తన జీవితంలో ఇంత మంచి ఆదివారం లేదన్నాడు.

వీడ్కోలు కూడా చెయ్యమని అడిగాం. తాత కర్ర పక్కన పెట్టేశాడు, తల అడ్డంగా ఊపాడు. అలిసిపోయాడనుకున్నాం. ఆయన “ఆ రోజు పైన...” అని ఏదో మొదలుపెట్టాడు. ఇంతలో కుగాకి ఫొటో గుర్తొచ్చి, మరి ఆ హతానో చేతిలోకి కర్ర ఎలా వచ్చిందని అడ్డుపడ్డాడు. తాత దానికి జవాబు చెప్పాడు. ఫొటో తీసేవాడు భోజనాల వేళ వచ్చాడట. తీగలు వదిలితే తోక నీళ్ళలో మునిగి రబ్బరు నానిపోతుంది. అందుకని తోక పట్టేవాళ్ళు కిందికి దిగకుండా దూలం మీదే కూర్చుని అన్నం ముద్దలు తినేవాళ్ళట. ఫొటోకి ఎవరో ఒక మనిషి కావాలి. దీపాలు చూసే హతానో ఖాళీగా కనిపిస్తే విడి కర్ర ఒకటి చేతికిచ్చి నిలబెట్టారట. అతను మంచివాడు, పాపం, ఆ ఫొటో సంగతే అతనికి గుర్తుండదు అన్నాడు తాత.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భూతద్దం తీశాను. తోక పట్టేవాళ్ళు పైనే ఉన్నారు. అయితే ఆ నల్లటి వస్తువు? దీపం కింద పెట్టి చూశాను. రేకూ కాదు, గబ్బిలమూ కాదు. కాలు. బొటనవేలు విడిగా ఉండే పనివాళ్ళ గుడ్డబూటు వేసుకున్న కాలు, దూలం మీంచి కిందికి వేలాడుతూ ఉంది. నలభై మూడేళ్ళు ఆ మనిషి మా పేజీలోనే ఉన్నాడు, మా నెత్తిమీదే కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన, నా మూడు పేజీలూ పోయినా ఫర్వాలేదు ఇకుయో గారూ, ఇది బ్రహ్మాండం అన్నారు.

నియమం ప్రకారం తప్పు ఎవరి చెవిన పడిందో వాళ్ళ ముందే చదవాలి. దేశమంతా విన్నది, దేశాన్నంతా కూర్చోబెట్టలేం. చానెల్‌కి మాస్టారు ఉత్తరం రాస్తానన్నారు. కానీ ఎక్కడ నవ్వారో అక్కడ మాత్రం చదవాలి. బుధవారం పొద్దున్న ఆ డే సెంటర్‌కి వెళ్ళాం. కుగా సెలవు పెట్టి, సోడా డబ్బాలు రెండు అట్టపెట్టెల నిండా మోసుకొచ్చాడు. తాత రానన్నాడట. చిసాతో బతిమాలి తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది.

ఇరవై మంది ముసలివాళ్ళ ముందు నిలబడ్డాను. మూడో సంచిక, పద్నాలుగో పేజీ, పదకొండో గీత అని మొదలుపెట్టి చీటీ చదివాను. ‘తోక: హతానో’ అన్నది తప్పు, ‘తోక: ఇసోగాయ్ తొమెకిచి’ అన్నది ఒప్పు, రాసినది ఇకుయో, ఎవరినీ అడగకుండా రాసింది. అక్కడితో ఆపాల్సింది. నా బుద్ధి ఊరుకోదు కదా. ఫొటోని పెద్దది చేయించి తెచ్చాను. పైకెత్తి పట్టుకుని, ఆ మూల వేలాడుతున్న కాలు చూడండి, అది మన ఇసోగాయ్ గారిదే, సాక్ష్యం ఇదిగో అన్నాను. చప్పట్లే చప్పట్లు. ఆ నవ్వినావిడ, పూర్వం మంగలి దుకాణం నడిపిన మనిషట, లేచి తాత వైపు తిరిగి నడుము వంచి క్షమాపణ చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడు వెనక వరసలో తాత చెయ్యెత్తాడు.

“ఆ కాలు నాది కాదమ్మా,” అన్నాడు. “నేను వట్టికాళ్ళతో ఎక్కేవాణ్ణి. అది నవాతాది.”

నవాతా ఎవరని అడిగాను.

“పైన ఇద్దరం ఉండేవాళ్ళం. నడిమి తీగ నాది, కొస తీగ అతనిది. నడకంతా నాదే, అది ఎవరి ముందైనా చెబుతాను. కానీ మీరంతా ఏడుస్తారే, ఆఖర్న తోక లేచి ఆగేది, అది కొస తీగ. అది నవాతా చెయ్యి.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఇద్దరి పేర్లూ వస్తాయని అందరినీ చూడమన్నాను. అతనికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, పోయి నలభై ఏళ్ళు దాటింది. నేను పోతే ఆ పేరు పలికేవాళ్ళు ఉండరు. నన్ను చూసి నవ్వారని కాదు నేను మానేసింది. అతని పేరు రాలేదని.”

మొన్న వీళ్ళు మన ఇంటికొచ్చినప్పుడే చెప్పొచ్చు కదా తాతయ్యా అని చిసాతో అడిగింది.

“చెబుదామనే చూశాను,” అన్నాడు తాత. “వీళ్ళు ఊపిరి తీసుకోనిస్తేగా.”

గదంతా నవ్వింది. ఈసారి నవ్వు మా మీద. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మళ్ళీ అదే ఫొటో, మళ్ళీ అదే తప్పు. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడు, నోరు తెరిచి అడిగితే చెబుతాడు, అడగకుండా కాగితం చూసి తెలిసినట్టు చెప్పేశాను. నలభై మూడేళ్ళయినా నా తొందర తగ్గలేదు. కుగా నా పక్కకి వచ్చి, అక్కా, పది నిమిషాల్లో రెండు చీటీలు, నా రికార్డు కూడా ఇంత లేదు అని చెవిలో ఊదాడు. వాణ్ణి తర్వాత చూసుకుందామనుకున్నాను.

పెన్ను అడిగి తీసుకున్నాను. అక్కడే నిలబడి, చీటీ మీద ఉన్నది కొట్టేసి, తాత చెబుతుంటే రాశాను. పూర్తి పేరు నవాతా ఎయిజో. అతని పేరే ముందు రాయమన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగి, ఈసారి ఆయన లేదనేదాకా ఆగాను. ఆ తర్వాత మొదటినుంచీ మళ్ళీ చదివాను. కొస తీగ, నవాతా ఎయిజో. నడిమి తీగ, ఇసోగాయ్ తొమెకిచి. ఆ రెండు పేర్లూ పైకి చదువుతుంటే, చెబుతున్నాను కదా, టీవీలో మా ముఖచిత్రం కనిపించినప్పటికంటే ఎక్కువ గర్వం అనిపించింది.

కుగా అందరికీ సోడా పోశాడు. తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు పెట్టమన్నాడు తాత. పెట్టాం. అప్పుడు మాస్టారు సినిమా చివరి సీను టీవీలో వేశారు. నేను మాత్రం తెరవైపు చూడలేదు, తాత చేతివైపే చూశాను. కుర్చీ చెయ్యి మీద పిడికిలి బిగించి, ఇవగోరా అడుగు వేసిన ప్రతిసారీ ఎత్తి, ఆపి, వదులుతున్నాడు. రాక్షసి సముద్రంలో మునిగింది. నీళ్ళు కదలకుండా నిలిచాయి. తోక లేచే ముందు ఆయన పిడికిలి విప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. తెరమీద తోక లేచింది, ఆగింది, మెల్లగా వాలింది. ఆయన పక్క కుర్చీ వైపు తిరిగి చిన్నగా తలూపి, సోడా తాగాడు.